మూడు క్లచ్ కేబుళ్ళు, రెండు బ్యాటరీలు, ఒక బెజ్జం

వేట నిషేధం ఎత్తేసిన రెండోరోజు తెల్లవారుజామున నాలుగింటికి కళింగపట్నంలో నా బండి మొరాయించింది. వెనక పద్నాలుగు పెట్టెల చేప, పైన ఐసు. తాళం తిప్పితే గుర్రుమని ఒక్క మూలుగు మూలిగింది. రెండోసారి తిప్పితే టక్కుమని ఊరుకుంది. మూడోసారికి ఆ చప్పుడూ లేదు, డాష్‌బోర్డు మీద లైట్లు కూడా సన్నగిల్లిపోయాయి.

"ఏటి బావా, మళ్ళీనా?" అన్నాడు పెట్టెలెక్కించిన కుర్రాడు.

బండి ఆగినందుకు కాదు గానీ ఆ 'మళ్ళీనా' అన్న మాటకి నాకు ఒళ్ళు మండింది. ఐదుగురు కలిసి తోశారు. సెకండ్ గేరులో పెట్టి క్లచ్ వదిలితే దడదడలాడి అందుకుంది. శ్రీకాకుళం చేరేదాకా, మార్కెట్లో సరుకు దింపుతున్నంతసేపూ ఇంజన్ ఆపితే ఒట్టు. డీజిల్ ఎంత తాగిందో ఆరోజు లెక్క చూసుకోలేదు, చూసుకుంటే బాధ.

నాది సెకండ్ హ్యాండ్ మినీ వ్యాన్, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్. 2021లో కొన్నాను. ఏ కంపెనీదో చెప్పను, ఎందుకంటే ఈ కథలో తప్పు కంపెనీది కాదు. కొన్న ఏడాదికల్లా బ్యాటరీ పోయింది. పాత బండి కదా, పాత బ్యాటరీ కదా అనుకుని కొత్తది వేయించాను. అది తొమ్మిది నెలలకే పొద్దున్న పూట సెల్ఫ్ లాగలేక ఆపసోపాలు పడటం మొదలెట్టింది. బ్యాటరీ కొట్టుకి పట్టుకెళితే వాళ్ళు ఒక రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి, లోడ్ టెస్టర్ తగిలించి "బ్యాటరీ శుభ్రంగా ఉంది, మీ డైనమో చూపించుకోండి" అన్నారు. వారంటీ అడిగే నోరు అక్కడితో మూతపడింది.

డైనమో అంటే ఇంజన్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది, అసలు పేరు ఆల్టర్నేటర్. మా దగ్గర షెడ్డుల్లో ఇంకా డైనమో అనే అంటారు, నేనూ అలాగే అంటాను. ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దాన్ని విప్పి కార్బన్ బ్రష్‌లు, బేరింగులు, వోల్టేజిని అదుపులో ఉంచే కటౌట్ మార్చాడు. మూడువేల ఐదొందలు. బిగించాక ఇంజన్ ఆన్ చేసి, మీటరు పిన్నులు రెండూ డైనమో దగ్గరే పెట్టి చూపించాడు. 14.2 వోల్టులు. "ఛార్జింగ్ అదిరిపోయింది అన్నా" అన్నాడు. నేనూ కళ్ళారా చూశాను. అబద్ధం కాదు, అక్కడ నిజంగానే 14.2 ఉంది. బ్యాటరీ దగ్గర ఎంత ఉందో అతనూ చూడలేదు, నాకూ తోచలేదు.

కొన్నాళ్ళు నడిచింది. మళ్ళీ అదే కథ. సెల్ఫ్ మోటారు విప్పించాను, బుష్‌లు వేయించాను, సొలినాయిడ్ లోపల రాగి కాంటాక్టులు గీకించాను. ఎర్త్ కూడా ఒకసారి చూశారు, అంటే కరెంటు ఇంజన్ నుంచి ఛాసీ (బండి అడుగు చట్రం) మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి. మీటరుని బీప్ కొట్టే చోట పెట్టి ఒక పిన్ను ఇంజన్‌కి, ఇంకోటి ఛాసీకి ఆనించగానే కీ అంది. "ఎర్త్ ఓకే" అన్నారు.

ఈ మధ్యలోనే క్లచ్ కేబుల్ మూడుసార్లు మార్చాను. పెడల్ బిగుసుకుపోయేది, లోపలి తీగ పైతొడుగుకి అతుక్కుపోయినట్టు ఉండేది. నకిలీ సామాను అమ్ముతున్నారని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను. బ్యాటరీ గోల ఒకటి, కేబుల్ గోల ఇంకొకటి అనుకున్నాను. కష్టాలన్నీ నాకే వచ్చిపడ్డాయని అరసవల్లి వెళ్ళి దండం కూడా పెట్టుకొచ్చాను.

ఈ ఏడు వేట నిషేధం రోజుల్లో అసలు రంగు బయటపడింది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు సముద్రంలోకి వెళ్ళకూడదు. చేప లేకపోతే నాకు కిరాయి లేదు. అప్పుడప్పుడు కొబ్బరికాయలో, ఇటుకలో తోలినా, మధ్యలో నాలుగైదు రోజులు బండి ఇంటిముందే పడుంటుంది. అలా ఉన్న ప్రతిసారీ బ్యాటరీ నీరుగారిపోయేది. పొరుగింటి ట్రాక్టరు తెచ్చి జంపర్ వైర్లు తగిలించడం, స్టార్ట్ చెయ్యడం. వాడకపోతే బ్యాటరీ దిగదా మరి, అని సరిపెట్టుకున్నాను. చివరికి చేపల రోజులు వచ్చిన రెండోరోజే కళింగపట్నంలో పరువు పోయింది.

ఆ సాయంత్రం మా ఆవిడ, "ఊళ్ళో షెడ్డులన్నీ తిరిగావు, మావని ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోద్ది?" అంది. మావంటే మా అమ్మ తమ్ముడు, ఆర్టీసీ డిపోలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన్ని పిలవడానికి నాకు మొహమాటం కాదు, భయం. వస్తే తిడతాడు.

వచ్చాడు. తిట్టలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ వైపు చూడకుండా నావైపు చూసి, "అల్లుడూ, ఈమధ్య కేబుళ్ళేటైనా కాలిపోనాయా?" అని అడిగాడు.

నాకు నోట మాట రాలేదు. మూడు క్లచ్ కేబుళ్ళు మార్చిన సంగతి చెప్పాను. "మరదేటిరా, బండి నీతో మూడుసార్లు మాటాడితే ఇనకుండా వొగ్గీసినావు" అని ఊరుకున్నాడు. ఎందుకడిగాడో ఆ పూట చెప్పలేదు. "ముందు బ్యాటరీని నింపు, కడుపు కాలినోణ్ణి పరుగెట్టమంటే ఏటి తెలుస్తాది" అని, ఆయన దగ్గరున్న పాత హైడ్రోమీటరు తీశాడు. గాజు గొట్టం, పైన రబ్బరు బుడ్డి. బ్యాటరీ మూతలు విప్పి ఆరు సెల్లుల్లోనూ గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, చూశాడు. అన్నీ 1180, 1190 మధ్యలోనే ఉన్నాయి. ఒక్క సెల్లు మిగతావాటికన్నా 50 పాయింట్లు కిందికి దిగిపోయి ఉంటే ఆ సెల్లు చచ్చినట్టేనట, బ్యాటరీ మార్చాల్సిందే. ఆరూ ఒకేలా తక్కువగా ఉన్నాయంటే బ్యాటరీకి రోగం కాదు, తిండి చాలట్లేదు. ఇన్నాళ్ళూ నేను తిండి చాలని బ్యాటరీలని తిరగేసి పారేస్తున్నానన్నమాట.

రాత్రంతా చిన్న ఛార్జరుతో ఐదు ఆంపియర్ల మీద నెమ్మదిగా ఎక్కించాం. ఛార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ దగ్గర బీడీ ముట్టించబోయిన మా తమ్ముణ్ణి ఆయన గదమాయించిన తీరు ఇంకా గుర్తే. ఆ బుడగల్లో వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే బ్యాటరీ పేలి యాసిడ్ మొహం మీద పడుతుంది. పొద్దున్నకి గ్రావిటీ 1240 దాకా వచ్చి ఆగింది. 12.5 వోల్టులు. నిండుగా ఉన్న మంచి బ్యాటరీ అయితే 12.6, 12.7 చూపించాలి. చాలాకాలం అరకడుపుతో ఉంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, ఎంత ఛార్జి పెట్టినా కొంత వెనక్కి రాదు. "పదోవంతు తిన్నావు దీని ఆయుస్సు" అన్నాడు మావ. పదోవంతని ఎలా లెక్కేశాడో నేనడగలేదు.

అప్పుడు బజారుకెళ్ళి నాలుగువందల యాభైకి డిజిటల్ మీటరు తెచ్చాను. తర్వాత జరిగింది చెప్పడానికి అరగంట పట్టదు గానీ, నా మూడేళ్ళ ఖర్చంతా ఆ అరగంటలోనే ఉంది.

ఇంజన్ స్టార్ట్ కాకుండా డీజిల్ ఆపే సొలినాయిడ్ వైరు పీకేశాం. నన్ను సెల్ఫ్ కొట్టమని ఆయన పిన్నులు పట్టుకున్నాడు. మొదట బ్యాటరీ ప్లస్, మైనస్ మొనల మీద. సెల్ఫ్ తిరుగుతుంటే 11.0. బాగుంది, సెల్ఫ్ కొట్టేటప్పుడు మంచి బ్యాటరీ కూడా పదిన్నర దాకా దిగుతుంది, తొమ్మిదిన్నర కిందికి జారితేనే అనుమానించాలి. మరి 11 వోల్టులు ఉండి కూడా సెల్ఫ్ ముసలి ఎద్దులా ఎందుకు తిరుగుతోంది?

రెండోసారి ఒక పిన్ను బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి సెల్ఫ్ మోటారుకి లావు తీగ ఎక్కే బోల్టు మీద పెట్టాడు. 0.3. అంటే వెళ్ళే దారిలో పోతున్నది అర్ధణా అంతే. మూడోసారి ఒక పిన్ను ఇంజన్ ఒంటి మీద, రంగు లేని చోట గుచ్చి, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి "కొట్టు" అన్నాడు.

3.1.

"సూసినావా" అన్నాడు, మీటరు నావైపు తిప్పి. దారి బాగుంటే అక్కడ 0.2 దాటకూడదు. బ్యాటరీ ఇచ్చే పదకొండు వోల్టుల్లో మూడు పైచిలుకు తిరుగుదారిలోనే ఆవిరైపోతే సెల్ఫ్ మోటారుకి మిగిలేది ఏడున్నరే. సెల్ఫ్ తిరిగేటప్పుడు నూరు ఆంపియర్ల పైన కరెంటు పారుతుంది. 120 అనుకుంటే ఓమ్ సూత్రం ప్రకారం 3.1 వోల్టులు మింగడానికి ఓమ్‌లో నలభయ్యో వంతు అడ్డు చాలు. ఆ మీటరు తీగల్లోనే అంతకన్నా ఎక్కువ అడ్డుంటుంది, ఇక బీప్ టెస్టులో ఏం దొరుకుతుంది? ఎర్త్ పట్టీలో ఒక్క పోగు మిగిలి ఉన్నా కీ అనేస్తుంది. సన్నటి పోగు మీంచి బీప్‌కి సరిపడా కరెంటు పోతుంది గానీ సెల్ఫ్‌కి సరిపడా పోదు. కాలవలో నీళ్ళున్నాయా అని చెంబుతో ముంచి చూస్తే ఉన్నాయనే అంటాం, పొలం తడవాలంటేనే కదా సంగతి తెలిసేది.

నాకు నమ్మకం కుదరడానికి ఇంకో పని చేయించాడు. ట్రాక్టరువాళ్ళ జంపర్ వైరు ఒకటి తెచ్చి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, ఇంకో కొస ఇంజన్‌ని ఎత్తే కొక్కేనికి తగిలించాడు. తాళం తిప్పగానే సెల్ఫ్ కొత్త బండిలా గిర్రున తిరిగింది. ఆ చప్పుడు విని మా ఆవిడ వంటింట్లోంచి బయటికొచ్చింది.

ఇక బండి కిందికి దూరాం. బ్యాటరీ మైనస్ నుంచి ఛాసీకి వచ్చే లావు తీగ బాగానే ఉంది. ఛాసీ నుంచి గేర్‌బాక్సుకి ఒక అల్లిక పట్టీ ఉంటుంది, రాగి పోగులతో జడలా అల్లింది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి దానికీ ఛాసీకీ కరెంటు దారి ఆ పట్టీయే. చేత్తో ముట్టుకుంటే పచ్చటి పిండి రాలింది. పోగుల్లో సగం తెగిపోయి ఉన్నాయి, ఛాసీ బోల్టు కింద తుప్పు పొరలు పొరలుగా లేచింది.

"ఇక్కడికి ఉప్పునీరు ఎలగొచ్చిందిరా?" అన్నాడు మావ పడుకునే.

తలెత్తి చూశాను. సరిగ్గా ఆ బోల్టుకి పైన, బాడీ రేకులో ఒక బెజ్జం.

ఆ బెజ్జం నేను పెట్టించిందే. బండి కొన్న కొత్తలో ఐసు కరిగిన నీళ్ళు బాడీలో నిలిచిపోయి కంపు కొడుతున్నాయని, వెల్డింగు షాపులో డ్రిల్లు వేయించి నీళ్ళు పోయే దారి చేశాను. తెలివైన పని చేశానని నలుగురికీ చెప్పుకున్నాను కూడా. సముద్రపు నీళ్ళతో కడిగిన చేప పెట్టెల నుంచి రోజూ కారే ఉప్పునీళ్ళు మూడేళ్ళుగా నేరుగా ఆ పట్టీ మీదే అభిషేకం చేస్తున్నాయి.

క్లచ్ కేబుల్ సంగతి అప్పుడు చెప్పాడాయన. కరెంటు ఇంజన్ నుంచి బ్యాటరీకి తిరిగి చేరాలి. అసలు దారి మూసుకుపోతే పక్కదారి వెతుక్కుంటుంది. ఇంజన్ వైపు నుంచి క్యాబిన్ రేకులోకి ఇనప తీగతో వెళ్ళేది క్లచ్ కేబులే. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ పదుల ఆంపియర్లు ఆ సన్నటి తీగలోంచి పోయి, అది వేడెక్కి, లోపలి ప్లాస్టిక్ తొడుగు కరిగి అతుక్కునేది. పట్టీ మార్చకముందు నాకు చూపించాలని నన్ను కేబుల్ మీద చెయ్యి వెయ్యమని, ఆయన నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాడు. చెయ్యి వెంటనే తీసేశాను, చుర్రుమంది. కొట్టువాడి సామాను నకిలీది కాదన్నమాట. తర్వాత ఒకరోజు అటు వెళ్ళినప్పుడు వాడి దగ్గర అవసరం లేకపోయినా రెండు బల్బులు కొన్నాను.

డైనమో లెక్కా ఆరోజే తేలింది. పాత పట్టీతోనే, తోసి స్టార్ట్ చేసి, రాత్రి నేను తోలే పద్ధతిలో హెడ్‌లైట్లు, వైపరు, ఫ్యాను అన్నీ వేసి చూశాం. డైనమో మీద 14.2. బ్యాటరీ మొనల మీద 13.2. తేడా ఒక వోల్టు, అందులో 0.8 ఎర్త్ వైపే పోతోంది. డైనమో కూడా ఇంజన్‌కే బిగించి ఉంటుంది, దాని కరెంటూ ఆ పట్టీ మీంచే తిరగాలి. లోపలున్న కటౌట్ తన దగ్గరి 14.2 చూసుకుని అంతా సరిపోయిందనుకుంటుంది. బ్యాటరీకి మాత్రం 13.2తో కడుపు నిండదు. నా కిరాయిలన్నీ తెల్లవారుజాము చీకట్లోనే, లైట్లు వేసుకునే. పగలు తోలేవాడికి ఇదే బండి ఇంకో ఏడాది బాగానే నడిచేదేమో.

పట్టీ నూట ఎనభై రూపాయలు. ముందు బ్యాటరీ మైనస్ విప్పాం. అది విప్పకుండా ప్లస్ మీద స్పానరు పెడితే, జారి రేకుకి తగిలిందంటే మెరుపులే. ఛాసీ బోల్టు దగ్గర తుప్పూ రంగూ గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, కొత్త పట్టీ వేసి, బోల్టు బిగించాక పైన గ్రీజు దట్టించాం. గ్రీజు ముందు పూస్తే లాభం లేదు, ఇనుముకి ఇనుము తగలాలి, ఆ తర్వాతే మూత. రెండో పట్టీ ఇంకోటి ఇంజన్ అవతలి వైపు నుంచి వేశాం, ఆర్టీసీ బుద్ధి. బ్యాటరీ మొనల మీది తెల్ల బూజు వంటసోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగాం, మూతల్లోంచి లోపలికి చుక్క పోకుండా. ఆ బెజ్జానికి ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించి నీళ్ళు చక్రం వెనక్కి పడేట్టు చేశాను.

మళ్ళీ కొలిస్తే ఎర్త్ వైపు 0.15. తమాషా ఏంటంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజి ఇంతకుముందు 11.0 ఉన్నది ఇప్పుడు 10.5కి దిగింది. ఏదో పాడైందని కంగారుపడ్డాను. మావ నవ్వాడు. దారి తెరుచుకున్నాక సెల్ఫ్ తనకి కావలసినంత కరెంటు లాగుతోంది, అందుకే బ్యాటరీ ఇంకాస్త వంగుతోంది, అంతే. లైట్లన్నీ వేసినా ఛార్జింగ్ 14.0.

ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాతి వారం పెళ్ళికని మూడురోజులు పాలకొండ వెళ్ళొచ్చేసరికి బ్యాటరీ మళ్ళీ దిగి ఉంది. అంత బాగా తిరిగిన సెల్ఫ్ టక్కుమంది. కూర్చుని ఏడవాలనిపించింది. ఫోన్ చేస్తే "అది ఏరే రోగంరా, రెండూ కలిసి నిన్ను మాయ సేసినాయి. మీటరుంది కదా, నువ్వే సూసుకో" అన్నాడు మావ.

ఆపేసిన బండి కూడా కొంచెం కరెంటు తింటుంది, గడియారానికీ డెక్కు మెమరీకీ. అది 50 మిల్లీ ఆంపియర్లు మించకూడదు. బ్యాటరీ మైనస్ విప్పి, ఆ తీగకీ మొనకీ మధ్యలో మీటరు పెట్టాలి. నేను హుషారుగా పిన్నుని మిల్లీ ఆంపియర్ల బెజ్జంలో పెట్టి మీటరు లోపలి ఫ్యూజు కాల్చుకున్నాను. ఫ్యూజు మార్చి, ఈసారి 10 ఆంపియర్ల బెజ్జంలో పెట్టి, తలుపులు మూసి, పది నిమిషాలు ఆగి చూశాను. 0.34. రోజుకి ఎనిమిది ఆంపియర్-అవర్లు. నాది 50 అవర్ల బ్యాటరీ, అదీ చిక్కిపోయినది. మూడురోజుల్లో సగం ఖాళీ.

నా అనుమానం ముందు దేవుడి పటం ముందున్న బుల్లి దీపం మీద పడింది. రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటుంది. అది తీసేస్తానంటే మా ఆవిడ "సూర్యనారాయణమూర్తి ముందు దీపం ఆర్పుతావేటి?" అని గొడవ. తీసి చూస్తే మీటరు 0.34 నుంచి 0.32కి వచ్చింది. ఆయన తినేది ఇరవై మిల్లీలే. దీపం మళ్ళీ పెట్టేశాను, క్షమించమని కూడా అడిగాను. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకాను, కదల్లేదు. అంటే ఫ్యూజు బాక్సు దాటి బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగినదేదో ఉండాలి. సీటు కింద పాటల యాంప్లిఫయరు, పాత ఓనరు పెట్టించింది. డెక్కు ఆపినా అది నిద్రపోకుండా దాని ఆన్ తీగని కూడా నేరుగా ప్లస్‌కే కలిపేశారు. అది ఊడబీకగానే 0.02.

యాంప్లిఫయరు ఇప్పుడు అటక మీద ఉంది. దానికి బండి తాళం తీసేస్తే ఆగే లైను వేయించాలి, ఇంకా వేయించలేదు. తెల్లవారుజామున పాటలు లేకుండానే కళింగపట్నం వెళ్తున్నాను. బండి ఎక్కగానే తాళం తిప్పుతూ ఎడమచేత్తో క్లచ్ కేబుల్ ముట్టుకుని చూడటం అలవాటైపోయింది. చల్లగానే ఉంటోంది.